జిప్పు మీద నల్లదారం

జూలై 8

తమ్ముడూ,

మీరంతా బాగానే ఉన్నారనుకుని మొదలుపెడుతున్నాను. బాగా లేకపోతే నువ్వే రాస్తావు కదా.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. మీ ఇల్లు మొత్తం కలిపి రెండు గదులు. నేను ఫోన్లో చిన్నగా దగ్గినా పిట్టకి వినిపిస్తుంది. అందుకే నీ కళ్ళజోళ్ళ షాపు అడ్రసుకి రాస్తున్నాను. చదివి అక్కడే ఎక్కడైనా పడెయ్, ఇంటికి తీసుకెళ్ళకు. మరదలికి అసలు చూపించకు. తన నోట్లో నువ్వుగింజ నానదు.

విషయమేమిటంటే, నా కూతురు పిట్ట నాతో అబద్ధమాడుతోంది.

మా దగ్గర హైస్కూలు లేక కాదు కదా దాన్ని నీ దగ్గర ఉంచింది. అక్కడి బళ్ళో క్లబ్బులున్నాయనీ, పెద్దయ్యాక ఏ పని చెయ్యాలనుకుంటే ఆ క్లబ్బులో చేరొచ్చనీ, శనివారం మధ్యాహ్నాలు ఆ పని జరిగే చోటికే తీసుకెళ్ళి చూపిస్తారనీ చెప్పి, అక్కడే చదువుతానని భీష్మించుకు కూర్చుంది. సరే అన్నాను. ఆరోగ్య క్లబ్బులో చేరానంది. నర్సవుతుందని నాకూ సంబరమే.

మొన్న ఆదివారం వచ్చింది కదా. వచ్చీరాగానే సంచి చూశాను, మామూలుగానే. సంచిలో ఏమీ లేదు. తర్వాత యూనిఫాం ఉతుకుతుంటే జేబు కుట్టులో పసుప్పచ్చగా మెరిసే పొడి కనబడింది. గోళ్ళ సందున నల్లటి జిడ్డు. తమ్ముడూ, నేను కొళాయిల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళ గేటు దగ్గర చెకింగుదాన్ని. అక్కడ తయారయ్యే ప్రతి కొళాయీ ఇత్తడే. ఇత్తడి పొడిని నేను గుర్తుపట్టలేనా? ఆసుపత్రిలో ఇత్తడి పొడి ఎక్కడిదే అంటే నీళ్ళు నమిలింది. మంచాలకుంటుందట.

నువ్వు ఓ కన్నేసి ఉంచు. గేటు దగ్గర మేం వాడే ఉపాయం ఒకటుంది. సంచి జిప్పు మీదుగా సన్నటి నల్లదారం అంటించు. తెగితే ఎవరో తెరిచినట్టు. అది ఎప్పుడెప్పుడు సంచి తీస్తోందో దానితో తెలుస్తుంది.

మీ ఆవిడకి నడుంనొప్పి తగ్గిందా? మంచం మార్చమను.

అక్క

—

జూలై 19

గేటులేని చోట కూడా గేటు చూసే మా అక్కకి,

నీ ఉత్తరం చూసి మొదట నాకు గుండె ఆగినంత పనైంది. ఉత్తరమంటే ఎవరో పోయారేమో అనుకున్నాను. తీరా చూస్తే జేబులో పొడి! పోనీ, షాపులో మంచి భూతద్దాలున్నాయి, ఒకటి పంపనా?

పిట్టని అడిగాను. ఆసుపత్రిలో చక్రాల కుర్చీలకి నూనె వెయ్యడం కూడా నేర్పిస్తున్నారట. అదే ఆ జిడ్డు. నాకు సబబుగానే తోచింది. పిల్ల హాయిగా ఉంది అక్కా. పాటలు పాడుకుంటోంది. శనివారం వస్తే అన్నం తినే ధ్యాస కూడా ఉండదు, పరుగే.

నువ్వు చెప్పావు కదాని దారం కూడా అంటించాను. తల కొట్టేసినట్టయింది. రాత్రి భోజనాల దగ్గర నా కంచం పక్కన ఆ దారం పెట్టి, “మామయ్యా, నీ దారం పడిపోయింది” అంది. మీ మరదలు నన్ను ఎగాదిగా చూసింది. దర్జీ పని ఎప్పుడు మొదలుపెట్టావని అడిగింది.

ఇక ఇలాంటివి నాకు చెప్పకు.

ఒక్క సంగతి మాత్రం రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. షాపులో ఖరీదైన ఫ్రేములుండే అద్దాల బీరువా తాళంచెవి మంగళవారం సాయంత్రం మేకుకి లేదు. నేనే ఎక్కడో పెట్టానేమో అనుకున్నాను. బుధవారం పొద్దున చూస్తే మేకుకే వేలాడుతోంది. మంగళవారం పిట్ట షాపుకొచ్చి కాసేపు కూర్చుంది. అంతే, దానికీ దీనికీ సంబంధం ఉందని కాదు.

నీ తమ్ముడు

—

జూలై 26

తమ్ముడూ,

సంబంధం ఉందని కాదట! ఎంత తెలివిగా రాశావు. సంబంధం లేకపోతే ఎందుకు రాసినట్టు?

నాకు రెండు రోజులుగా తిండి సయించడం లేదు. ఇత్తడి పొడి, జిడ్డు, పోయి తిరిగొచ్చిన తాళంచెవి. మూడూ పక్కపక్కన పెట్టి చూడు. దీని వెనక ఎవరో ఉన్నారు. పిల్లని ముందుకు తోసి పని కానిచ్చుకుంటున్నారు. వాడెవడో, ఎంతవాడో! మా ఫ్యాక్టరీలో కూడా ఎప్పుడూ అంతే, పట్టుబడేది బక్కపిల్లే, పట్టుకెళ్ళమన్నవాడు బయట సైకిలు మీద కూర్చుని ఉంటాడు.

బీరువా తాళం ఇప్పుడు ఎలా తిరుగుతోందో చూసి రాయి. పిట్టని ఏమీ అడక్కు. అడిగితే జాగ్రత్తపడుతుంది.

అక్క

తా.క. ఆ నడుంనొప్పి సంగతి రాయనే లేదు.

—

ఆగస్టు 4

అక్కా,

ఇన్నాళ్ళూ నిన్ను వెక్కిరించాను. ఇప్పుడు ఆ మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ బీరువా తాళం సంగతి నీకు తెలుసు కదా. షాపు పెట్టినప్పట్నుంచీ అదొక మొండిఘటం. తాళంచెవి పెట్టి, కాస్త పైకెత్తి, తలుపు భుజంతో నొక్కి, ఓ తిట్టు తిడితే గానీ తిరిగేది కాదు. నీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి తిప్పాను. వెన్నలో దిగినట్టు తిరిగింది. మళ్ళీ మళ్ళీ తిప్పాను. తిట్టాల్సిన పనే లేదు.

ఎవరో దొంగతాళంచెవితో తీసీ తీసీ తాళాన్ని అలవాటు చేశారు, అంతే. ఫ్రేములన్నీ సరిచూసుకున్నాను, ఒక్కటీ పోలేదు. అదే ఇంకా భయంగా ఉంది. ఇంకా పెద్దదానికి కాచుకున్నారన్నమాట.

శనివారం షాపు మూసేసి పిట్ట వెనకాలే నడిచాను. ఈ వయసులో మేనకోడలి వెనక గోడలు పట్టుకుని నడవడం! ఆసుపత్రి వైపు తిరగనే లేదు. మార్కెట్టు వెనక సందులోకి వెళ్ళింది. అక్కడ షట్టరు సగం దించిన కొట్టొకటుంది. అది వంగి లోపలికి దూరింది. బడిపిల్లలు మరెవ్వరూ లేరు. లోపల్నుంచి ఆకురాయి గీకుతున్న చప్పుడు వినిపించింది. బయట బోర్డు కూడా లేదు.

నేను లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి ఏం చూడాల్సొస్తుందో అని ధైర్యం చాల్లేదు. ఇంటికొచ్చి మీ మరదలితో చెప్తే, “కన్నపిల్లలాంటి దాన్ని పట్టుకుని దొంగంటారా అక్కాతమ్ముళ్ళిద్దరూ?” అని నాతో మాట్లాడ్డం మానేసింది.

ఇప్పుడేం చెయ్యమంటావు?

తమ్ముడు

—

ఆగస్టు 9

తమ్ముడూ,

చెయ్యడానికి ఇంకేముంది. ఇరవయ్యో తారీకుకి సెలవు అడిగాను. వచ్చి బళ్ళో సర్టిఫికెట్ తీసుకుని దాన్ని వెంటబెట్టుకొచ్చేస్తాను. క్లబ్బులూ వద్దు, శనివారాలూ వద్దు. ఇక్కడి బళ్ళోనే చదువుతుంది. సాయంత్రం నా కళ్ళముందు ఉంటుంది.

ఆరోగ్య క్లబ్బని ఎంత నమ్మకంగా చెప్పింది! నా కడుపున పుట్టి నా చెవిలోనే పువ్వులు పెట్టింది. మీ బావ పోయాక దాన్ని ఎలా పెంచానో నీకు తెలుసు. ఎవరూ వేలెత్తి చూపకూడదని ఒక్క పూట కూడా ఏమరలేదు నేను. ఎవరింట్లోనైనా పెన్సిలు ముక్క పోయినా, మా పిల్ల సంచిలో లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగేదాన్ని.

దానితో ఏమీ అనకు. నేను వస్తున్నట్టు కూడా తెలియనివ్వకు.

అక్క

—

ఆగస్టు 13

అక్కా,

రావద్దు. సెలవు రద్దు చేసుకో. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందిన రోజే సిగ్గు వదిలి ఆ షట్టరు కింద దూరాను. అది తాళాలు బాగుచేసే కొట్టు. నడిపేది ఒక పెద్దావిడ, నీ మాట కూడా వినని రకం. పిట్ట బడినుంచి ఇంకా రాలేదు. నేనెవరో చెప్పగానే ఆవిడ గోడకున్న పాత తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

“ఇదేగా మీ బీరువాది? పళ్ళు అరిగి వంకరపోయాయి. మీ మేనకోడలు ఒక రాత్రి దీని అచ్చు తీసుకుని, వారం కూర్చుని కొత్తది చేసి మేకుకి మార్చింది, తాళంలో మురికి కూడా తీసింది. ఇన్నేళ్ళూ ఒక్క చుక్క నూనె వెయ్యడానికి చెయ్యి రాలేదేమయ్యా?”

మేకుకి వేలాడుతున్నది కొత్త తాళంచెవి అక్కా! రోజూ చేత్తో పట్టుకుంటున్నాను. ఊరందరికీ చూపు సరిచేసేవాణ్ణి, నాకు కనబడలేదు.

బడికి కూడా వెళ్ళాను. క్లబ్బుల మాస్టారుని కలిశాను. పిట్ట ఆరోగ్య క్లబ్బులో ఎప్పుడూ లేదు. మొదటిరోజే మరమ్మతుల క్లబ్బులో చేరింది. వాళ్ళని కరెంటు పనివాళ్ళ దగ్గరికీ, సైకిలు షాపుకీ, తాళాల కొట్టుకీ తిప్పారు. మిగతా పిల్లలు మోటార్లన్నారు, ఇది తాళాలంది. డిసెంబరులో క్లబ్బులన్నీ కలిసి పెట్టే ప్రదర్శనకి ఏదో తయారు చేస్తోందట. ఆ పొడి తాళంచెవులు అరగదీసిన పొడి.

సాయంత్రం పిట్టని కూర్చోబెట్టి, అమ్మకెందుకు అబద్ధం చెప్పావే అన్నాను. “ఇత్తడంటే అమ్మకి దొంగలే గుర్తొస్తారు మామయ్యా. ఇక తాళాలంటే వినిపించుకుంటుందా?” అంది. ఏం వినిపించుకుంటావో మనిద్దరం ఇన్ని ఉత్తరాల్లో రాసుకున్నాం కదా.

ఇంకో మాట. ఇది రాస్తే నీకు కోపమొస్తుంది, రానీ. జూన్లో మా ఇంటికొచ్చాక మొదటిరోజు బడినుంచి రాగానే, పిట్ట సంచి జిప్పు తీసి బల్ల మీద పెట్టి, చేతులు రెండూ పక్కలకి చాపి నిలబడింది. మీ మరదలికి అర్థం కాక, “ఏంటే, ఎక్కడైనా దెబ్బ తగిలిందా?” అంది. “చూడవా అత్తయ్యా?” అంది పిట్ట. “ఏం చూడాలే?” అంది మా ఆవిడ. పిల్ల కాసేపు అలాగే నిలబడి, జిప్పు వేసుకుని లోపలికెళ్ళింది. ఆ పూట మారు అడిగి మరీ తిన్నది.

క్లబ్బుల కోసమని వచ్చిందనుకున్నాం నువ్వూ నేనూ.

అలాంటి పిల్ల జిప్పు మీద దారం అంటించాను నేను! తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. నువ్వు రావాలనుకుంటే డిసెంబరులో ప్రదర్శనకి రా. సర్టిఫికెట్ కోసం మాత్రం రాకు.

తమ్ముడు

—

ఆగస్టు 30

తమ్ముడికి,

ఉత్తరం అందింది. సెలవు రద్దు చేసుకున్నాను.

బాగుంది. నాకు తెలియకుండా నా కూతురు తాళాలు నేర్చుకుంటుంది, నువ్వు నాకు బుద్ధులు నేర్పుతావు. నేను గేటు దగ్గర సంచి చూస్తే జీతమిస్తారు, ఇంట్లో చూస్తే నేరమా? తండ్రి లేని పిల్లని పెంచేదానికి ఎన్ని భయాలుంటాయో నీకేం తెలుసు? ఆ పిల్లకి నువ్వే ఎక్కించావేమో ఇవన్నీ. నీ మీద కూడా నాకు అనుమానంగానే ఉంది.

చేతులు చాపి నిలబడిందట. నేను నిలబడనా? మా షిఫ్టు దిగేటప్పుడు అవతలి గేటామె నా సంచి తీసి చూస్తుంది, నా నడుం తడుముతుంది. చెకింగుదానికీ చెకింగుంటుంది మా దగ్గర. రోజూ నిలబడతాను. నాకేం సిగ్గులేదు. కొత్తలో ఉండేది.

అసలు దానికి తాళమేసి దాచుకోవాల్సినవి ఏముంటాయి?

ప్రదర్శనకి రాను, షిఫ్టు కుదరదు. అది అయ్యేదాకా ఉండనీ. తర్వాత నర్సు పని చూపించే క్లబ్బులోకి మారితేనే ఆ బడి. లేదంటే సంక్రాంతికల్లా సర్టిఫికెట్ తీసుకొచ్చేస్తాను.

అక్క

—

డిసెంబరు 17

అక్కా,

నాలుగు నెలలు మౌనవ్రతం పట్టావు. ఫోన్లో “బాగున్నావా, తిన్నావా” తప్ప ఇంకో మాట లేదు. సరే, నేనే రాస్తున్నాను.

నిన్న ప్రదర్శన జరిగింది. హాలంతా బల్లలే. ఆరోగ్య క్లబ్బువాళ్ళు వచ్చినవాళ్ళందరికీ కట్లు కట్టారు. నా చేతికి కట్టిన కట్టు ఇంకా ఊడిరావడం లేదు. న్యాయం క్లబ్బు పిల్లలు మాస్టారి మీదే కేసు పెట్టి గెలిచారు. మన పిట్ట బల్ల మూలనుంది. దాని మీద రెండు చిన్న చెక్కపెట్టెలు, రెండింటికీ తాను చేసిన ఇత్తడి తాళాలు. చిన్నవే గానీ గట్టివి. పెద్దావిడ పక్కనే కూర్చుని వచ్చినవాళ్ళని లాగి చూడమంటోంది.

చూడ్డానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన అడిగాడు, “రెండెందుకమ్మా?” అని.

“ఒకటి నాకు, ఒకటి మా అమ్మకి” అంది పిట్ట.

“మీ అమ్మగారు నగలు పెట్టుకుంటారా?”

“మా అమ్మ రోజూ అందరి సంచులూ చూస్తుందండి. మా అమ్మ సంచి కూడా వేరేవాళ్ళు చూస్తారు. ఎవరూ చూడనిది అమ్మకి ఒక్కటైనా ఉండాలి కదండీ. అలా ఉంటే ఎలా ఉంటుందో తెలిస్తే, నాది కూడా చూడదేమో.”

నేను బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాను. ఇది నీకు రాయకూడదనుకుంటూనే రాశాను.

శుక్రవారం సెలవులకి వస్తోంది. నీ పెట్టె తెస్తుంది. ఒక్కోదానికి ఒక్కటే తాళంచెవి చేసిందట. సెలవుల తర్వాత ఆ క్లబ్బులోనే కొనసాగాలంటే తల్లి సంతకం కావాలని మాస్టారు కాగితం ఇచ్చారు. అదీ తెస్తుంది. ఇక నీ ఇష్టం.

మీ మరదలు నాతో మాట్లాడుతోంది. నడుంనొప్పి మాత్రం ఉంది.

తమ్ముడు

—

జనవరి 3

తమ్ముడికీ, మరదలికీ,

ఈ ఉత్తరం షాపుకి కాదు, ఇంటికే రాశాను. పిట్ట చదివినా ఫర్వాలేదు.

అది వచ్చిన రోజు బస్సు దగ్గరికి వెళ్ళాను. దారంతా నోరు కట్టేసుకుని నడిచాను. ఇంట్లోకి రాగానే పెట్టె తీసి నా చేతిలో పెట్టింది, తాళంచెవి పెట్టింది. “ఒక్కటేనా?” అన్నాను. “ఒక్కటేనమ్మా” అంది. నమ్మలేదనుకో. తాళం చేసింది అదే. ఇంకోటి చేసి దగ్గర పెట్టుకోలేదని ఏమిటి?

ఆ సాయంత్రం అది పక్కింటికి వెళ్ళినప్పుడు ఆ పెట్టెలో ఒకటి పెట్టాను. ఏం పెట్టానో నీకు చెప్పను. తాళం వేసి, మూత అంచుకి సన్నటి దారం అంటించి, అలమరలో అందరికీ కనబడేలా పెట్టాను. చూద్దాం దీని సంగతి అనుకున్నాను.

అప్పుడు చూశాను తమ్ముడూ. దాని సంచి మంచం మీదే ఉంది. నేను ముట్టుకోలేదు. వంగి చూశాను, అంతే. జిప్పు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి సన్నటి నల్లదారం.

నా ఉపాయం నాకే! కన్నతల్లికి కాపలా పెడుతుందా అని అరుద్దామనుకున్నాను. అలమర వైపు చూశాను. అక్కడ నా దారం ఉంది. ఇక ఏ నోటితో అరుస్తాను? మంచం మీద సంచి పక్కనే కూర్చుండిపోయాను. చెయ్యి ఊరుకోదు తమ్ముడూ. అదొక రోగంలాంటిది. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఉన్న గిన్నెలన్నీ మళ్ళీ తోమాను.

పొద్దున ఇద్దరం ఒకేసారి లేచాం. అది ఓరకంట సంచి చూసుకుంటోంది. నేను ఓరకంట అలమర చూస్తున్నాను. రెండు దారాలూ తెగలేదు. ముందు అది నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

“నీలం సంచికి నల్లదారమేంటే, మొద్దూ? ఎవరికైనా ఇట్టే కనబడుతుంది. నీలం దారం కట్టాలి” అన్నాను.

“కనబడాలనేగా అమ్మా కట్టాను” అంది.

నిన్న మధ్యాహ్నం బస్సెక్కించాను. కాగితం మీద సంతకం పెట్టాను, అది తెస్తుంది. బస్టాండులో సంచి నా చేతికిచ్చి, “పట్టుకో అమ్మా, టికెట్ తెచ్చుకుంటాను” అని వెళ్ళిపోయింది. అక్కడ వరస పెద్దదే. దాని సంచి తెరవడానికి కాక, ఊరికే పట్టుకోవడానికి నా చేతికి రావడం ఇదే మొదటిసారి. బాగా బరువుగా ఉంది. అది వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు. వచ్చేదాకా గుండెలకి ఆనించుకుని నిలబడ్డాను.

అందులో అంత బరువేముందో మీకేమైనా తెలుసా? తెలిస్తే నాకు చెప్పొద్దు.

అక్క